వాగు తగ్గేదాకా

కిందటి నెలలో ఒకమ్మాయి ఆత్మకూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మా అటవీ శాఖలో కొత్తగా చేరిందట. సీతారామపురం కొండల్లో గుహల దగ్గరున్న టూరిస్టు క్యాంపుకు పోస్టింగు ఇచ్చారట. నేను చాలా ఏళ్ళు అక్కడే పనిచేశానని ఎవరో చెప్పారట. కుర్చీలో కూర్చోకముందే అడిగింది.

"మేడం, అక్కడ పనేం ఉంటుంది? గుడారాలు వేయించడం, తీయించడమేనా?"

కాఫీ తాగేలోపల చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేకపోయింది. ఏదో చెప్పి పంపించాను గానీ మనసు ఒప్పుకోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ ఫైలు ఎవరికి పంపాలి అన్నవి ఇందులో ఉండవు. వాటిని ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు.

వచ్చేవాళ్ళు

మా క్యాంపు వాగుకు ఇవతల, మెరక మీద ఉండేది. గుడారాలు, ఒక వంటపాక, వెనక మరుగుదొడ్లు. వాగు దాటితే కొండ అంచున గుహలు. వాటిలో ఒకటి మాత్రం పెద్దది, పెళ్ళివారిని కూర్చోబెట్టి భోజనం పెట్టొచ్చు. ఎండాకాలంలో ఆ వాగులో చీలమండ కూడా సరిగ్గా తడవదు. పైన కొండల్లో వాన పడితే మాత్రం అది వేరే వాగు. అక్కడి నుంచి పోయి పోయి పెన్నలో కలుస్తుంది.

ఇంట్లో మంచం, ఫ్యాను వదిలిపెట్టి వచ్చి నేల మీద గుడారంలో పడుకోవాలని సరదాపడే మనుషులు మొదట్లో నాకు అర్థమయ్యేవాళ్ళు కాదు. మా నాయన వరికుంటపాడులో వేరుశనగ చేనికి కాపలా పోయి మంచె మీద పడుకుంటే, మా అమ్మ పొద్దునదాకా ప్రార్థన చేసుకుంటూ కూర్చునేది. ఆ కష్టాన్నే వీళ్ళు సెలవు పెట్టి మరీ కోరుకుంటున్నారే అనుకునేదాన్ని.

తర్వాత తర్వాత తెలిసింది. ఒకసారి ఆర్టీసీ డ్రైవరు ఒకాయన ఒంటరిగా వచ్చాడు. మా వాచరు పెంచలయ్య గుహలు చూపిస్తానని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పిలిచాడు. ఆయన రాలేదు. ఉన్నన్నాళ్ళూ గుడారంలో నిద్రపోయాడు. లేచి అన్నం తినడం, మళ్ళీ పడుకోవడం. పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "ఈడ హారన్ లేదమ్మా" అన్నాడు. అంతే.

అలాంటివాళ్ళు వస్తారు. వాళ్ళను లేపి గుహలు చూపించకండి. మగవాళ్ళు రాగానే చిరుతపులి ఉందా అని అడుగుతారు. ఆడవాళ్ళు బాత్రూము ఎక్కడ అని అడుగుతారు. ముందు జవాబు చెప్పాల్సింది రెండో ప్రశ్నకే. బాత్రూముకు లోపల గడియ సరిగ్గా పడని క్యాంపులో ఎన్ని గుహలున్నా దండగ.

ఇద్దరు ఆఫీసర్లు

నాకు పని నేర్పింది నా మొదటి రేంజరు. అప్పుడు మేము ఆత్మకూరు వైపు, పెన్న ఒడ్డున ఉండేవాళ్ళం. ఆదివారాలు జనం వచ్చేవాళ్ళు. ఒకసారి కాలేజీ పిల్లలు కొందరు లోతు మడుగులో దిగి ఈత కొడుతున్నారు. నేను ఒడ్డున నిలబడి అరుస్తున్నాను. అరిచేకొద్దీ వాళ్ళు ఇంకా లోపలికి పోతున్నారు. మా రేంజరు పెద్దాయన వచ్చి నా పక్కన బండ మీద కూర్చుని, తన క్యారియరు విప్పాడు.

"చేపల పులుసు ఉండాదిరా అబ్బాయిలూ. వేడి చల్లారిపోతాది, రాండి" అన్నాడు.

ఒక్కొక్కడే బయటికి వచ్చాడు. ఆ పూట ఆయన పస్తున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక నాతో అన్నాడు: "మార్తమ్మా, వచ్చినోళ్ళకి నువ్వు పోలీసువి కాదు, మేనత్తవి. తిట్టు, కానీ కడుపు మాడ్చి పంపించబాకు. అయితే ఒకటి. నీళ్ళ రంగు మారిందా, మేనత్త పని ఆడికి చాలు. అప్పుడు మాత్రం పోలీసువే. ఎవురి మాటా వినబాకు."

గుహల క్యాంపులో ఉన్నప్పుడు వచ్చిన రేంజరు వేరే మనిషి. చిన్నవాడు, నా తమ్ముడి ఈడు. శుభ్రం అంటే ప్రాణం. వచ్చిన మొదటి వారమే పెద్ద గుహలో మేకల పెంటికలు చూశాడు. వానాకాలంలో గొర్రెలు, మేకలు మేపుకునేవాళ్ళు అందులోకి తోలుకునేవాళ్ళు. వాళ్ళ తాతల నాటి నుంచి ఉన్న అలవాటు అది. ఎవరో యాత్రికుడు ఆ పెంటికల ఫోటో తీసి, ఇదేనా మీ క్యాంపు అని ఫోనులో అందరికీ పంపించాడట. పై ఆఫీసు నుంచి ఈయనకు అక్షింతలు పడ్డాయి. నెల తిరక్కుండానే పెద్ద గుహకు ఇనప గేటు వచ్చింది. తాళం చెవి నా చేతికిచ్చి, "టూరిస్టులకు తప్ప తెరవద్దు మేడం. ముఖ్యంగా మేకలకు" అన్నాడు.

"వానొస్తే వాళ్ళు యాడికి పోతారు సార్?" అని అడిగాను.

"చిన్న గుహలు ఉన్నాయిగా."

చిన్న గుహల్లో మంద పట్టదు. ఆ మాట చెప్పాను. ఆయన విన్నాడు, కానీ ఒప్పుకోలేదు. ఆయన్ని చెడ్డవాడని నేను ఎప్పుడూ అనుకోలేదు. పైనుంచి తిట్టు పడిన మనిషికి కింద నిలబడినవాళ్ళు సరిగ్గా కనపడరు. ఈ ఉద్యోగంలో మీకూ అలాంటి రోజులొస్తాయి.

ఆ శనివారం

ఇక అసలు సంగతి. వానలు అప్పుడే మొదలవుతున్న రోజులు. ఉదయగిరి చుట్టుపక్కల బడుల్లో పనిచేసే టీచర్లు అయిదారుగురు కలిసి క్యాంపుకు వచ్చారు. అందరూ ఆడవాళ్ళే. భర్తలు, పిల్లలు లేకుండా ఎక్కడికైనా పోవడం వాళ్ళలో ఎవరికీ అలవాటు లేదు. జీపు దిగిన గంటసేపు ఇళ్ళకు ఫోన్లు చేయాలని సిగ్నలు కోసం వెతికారు. మా దగ్గర సిగ్నలు ఉండదు. దొరకదని తెలిశాక వాళ్ళ ముఖాల్లో కలిగిన తెరిపి చూడాలి.

వాళ్ళలో విమల టీచరు పెద్దామె. ఒకటో తరగతికి చెప్పే మనిషి. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది.

ఎండ కాస్తోంది. వాగులో నీళ్ళు పిక్కల దాకా లేవు. నేనే వాళ్ళను దాటించి పెద్ద గుహకు తీసుకుపోయాను. గేటు తెరిచాను. లోపల తెల్ల దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నారు. ఒకామె కీర్తన పాడితే, ఇంకొకామె పాత సినిమా పాట అందుకుంది. విమల టీచరు చల్లటి బండ మీద వెల్లకిలా పడుకుంది.

"ఈ టైముకి మా ఇంట్లో రెండో తడవ టీ పెడతా ఉంటాను. ఈ రోజు ఎవురు పెడతారో, అసలు తాగుతారో లేదో!" అంది. అందరూ పడీ పడీ నవ్వారు.

ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. గాలి లేకుండానే వాన దిగింది. నేను గుహ నోట్లోకి వచ్చి చూస్తే, గేటు బయట వానలో ఒక మేకల మంద నిలబడి ఉంది. వెనక ఇద్దరు మనుషులు. బాలయ్య, అతని పెళ్ళాం రమణమ్మ. మర్రిపాడు వైపు నుంచి మేకల్ని తోలుకుని ఏటా మా కొండలకు వచ్చేవాళ్ళు. నాకు బాగా తెలుసు. గేటు తెరిచే ఉన్నా లోపలికి రావడం లేదు. బాలయ్య తలమీద గోనె సంచి వేసుకుని, ఎవరో తిట్టబోతున్నట్టు నేలకేసి చూస్తున్నాడు.

"ఏంది బాలయ్యా, అట్ట నిలబడినావు? లోపలికి తోలు" అన్నాను.

"వద్దులే మేడం. మళ్ళా మీ సారు మీ మీద పడతాడు."

"నా సంగతి నేను చూసుకుంటాలే. ముందు తోలు."

మేకలు నా కాళ్ళను ఒరుసుకుంటూ లోపలికి పరిగెత్తాయి. తడి మేకల కంపు గుహంతా నిండిపోయింది. ఒక టీచరు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె ఒక పిల్లను ఎత్తుకుని అదే కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. మనుషులు ఎప్పుడూ ఇలా రెండు రకాలు. కాసేపటికి మొదటామె కూడా ముక్కు వదిలేసింది, చేసేదేముంది.

వాన తెరిపి ఇచ్చింది. హమ్మయ్య అనుకుంటూ బయటికి వచ్చి వాగు చూశాను. నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆకులు, పుల్లలు, నురగ. మేము దాటివచ్చిన బండలు ఒక్కటీ కనపడటం లేదు. చూస్తుండగానే ఒక తుమ్మ కొమ్మ దొర్లుకుంటూ పోయింది. వాన మా దగ్గర పడింది కొంచెమే. పైన కొండల్లో దంచి కొట్టింది.

"ఎవరూ కదలొద్దు. ఈ పూటకి మనం ఇక్కడే" అని చెప్పాను.

టీచర్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడే రమణమ్మ లేచింది. చేతిలో సద్ది గిన్నె ఉంది.

"నేను పోతా. పాప ఉండాది ఆడ."

"ఏ పాప?"

"మా అంకమ్మ. జరమొచ్చి పడుకోనుంది. ఈయనకి సద్ది ఇచ్చి చిటికెలో వచ్చేద్దామని వచ్చినాను."

"ఎవురి దగ్గర వదిలినావు?"

ఆమె బాలయ్య వైపు చూసింది. వాళ్ళ టార్పాలిన్ పట్టల గుడిసె క్యాంపు ఉన్న గట్టునే, మా గుడారాలకు కొంచెం దిగువన, వాగు వంపు తిరిగే చోట ఉంది. నీళ్ళకు పట్టుమని పది బారలు కూడా ఉండదు. మా మెరక మీది నుంచి చూస్తే చెట్ల వెనక అది కనపడదు. అయిదేళ్ళ పిల్ల అందులో ఒంటరిగా ఉందని అవతల ఎవరికీ తెలియదు.

దుప్పటి మీద అక్షరాలు

రమణమ్మ గిన్నె పారేసి పరిగెత్తింది. నేను వెనక నుంచి నడుము పట్టుకున్నాను. బలమైన మనిషి. ఇద్దరం బురదలో పడ్డాం. నా ముంజేతిని కొరికింది. వదల్లేదు.

"నీ బిడ్డయితే ఊరుకుంటావా? చెప్పు! నీ బిడ్డయితే ఊరుకుంటావా?" అని అరిచింది.

నాకూ ఇద్దరు బిడ్డలు. ఊరుకోను. ఆ మాట ఆమెకు చెప్పి ఉంటే చేతులు వదిలేసేదాన్ని. అందుకే నోరు మూసుకుని పట్టుకున్నాను. ఆ నీళ్ళలో కాలు పెడితే పాపకు తల్లి దక్కదు. మా మొదటి రేంజరు పెద్దాయన చెప్పిన పోలీసు పని ఎంత పాడు పనో నాకు ఆ రోజు తెలిసింది. టీచర్లు ఇద్దరు వచ్చి ఆమె కాళ్ళు పట్టుకున్నారు. ముగ్గురం కలిసి గుహ నోటి దాకా ఈడ్చుకొచ్చాం.

అవతలి గట్టున మా పెంచలయ్య, వంట చేసే కరీముల్లా నిలబడి మా వైపే చూస్తున్నారు. గొంతు చించుకుని కేకలు వేశాను. బాలయ్య మేకల్ని పిలిచే కేక వేశాడు, అది కొండకు తగిలి తిరిగొచ్చేంత గట్టిది. వాగు హోరులో ఏదీ పోలేదు. మనిషి ముఖం గుర్తుపట్టగలిగినంత దూరమే, కానీ మాట మాత్రం దాటదు. చేతులతో గుడిసె వైపు చూపించాను. కరీముల్లా మేము క్షేమంగా ఉన్నామని చెబుతున్నాం అనుకున్నాడు. సంతోషంగా గరిటె పైకెత్తి ఊపాడు.

అప్పుడు విమల టీచరు అంది: "పెంచలయ్యకి చదువొచ్చా?"

"కూడబలుక్కొని చదువుతాడు."

"చాలు."

దుప్పటి మీదున్న పులిహోర గిన్నెల్ని పక్కకు నెట్టేసింది. గుహ మూలన మేకలవాళ్ళ పాత పొయ్యి ఉండేది. గేటు పెట్టిన తర్వాత కూడా నేను దాన్ని తీయించలేదు. అందులోంచి గుప్పెడు బొగ్గులు తెచ్చింది. దుప్పటిని బండ మీద పరిచి నాలుగు మూలలా నలుగుర్ని కూర్చోబెట్టింది.

"'దయచేసి' అని మొదలుపెట్టు" అంది ఒక టీచరు.

"దయచేసి ఎందుకే, చోటు చాలదు" అంటూ ఆమె రాయడం మొదలుపెట్టింది. ఒకటో తరగతి పిల్లలకు బోర్డు మీద రాసినట్టే, ఒక్కో అక్షరం చేటంత. బొగ్గు విరిగితే ఇంకొకటి. ఒత్తి ఒత్తి దిద్దింది. చేతులు మోచేతుల దాకా నల్లగా అయిపోయాయి. రెండే మాటలు: గుడిసెలో పాప.

మళ్ళీ చినుకు పడినా తడవని చోట, గుహ నోట్లో దుప్పటిని నిలువుగా పట్టుకున్నాం. కరీముల్లా మళ్ళీ గరిటె ఊపాడు. పెంచలయ్య ఊపలేదు. మెడ ముందుకు సాచి చూస్తున్నాడు. అతని పెదవులు కదలడం నాకు కనపడింది. మొదటి అక్షరం దగ్గర ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. విమల టీచరు పక్కన నిలబడి, అతనికి వినపడదని తెలిసి కూడా, "గు... డి... సె..." అని చెబుతోంది.

అతను ఒక్కసారిగా తల తిప్పి దిగువకు చూశాడు. కరీముల్లా చెయ్యి పట్టి లాగాడు. ఇద్దరూ చెట్లలోకి పరిగెత్తారు.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో నేను చెప్పలేను. రమణమ్మ నా ఒళ్ళో తల పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. బాలయ్య గోడకేసి తిరిగి మేకల మధ్య నిలబడ్డాడు. ఏం కాదులే అని ఎవరూ అనలేదు. టీచర్లంతా మంచివాళ్ళు, ఆ మాట అనలేదు. దుప్పటి పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉన్నారు, చేతులు లాగుతున్నా దించలేదు.

"వస్తన్నారు" అంది ఒకామె, గుసగుసగా.

చెట్లలోంచి ముందు పెంచలయ్య వచ్చాడు. తలమీద నులకమంచం. నడుము దాకా తడిసి ఉన్నాడు. వెనక కరీముల్లా. అతని భుజాల మీద, వంటపాకలోని టేబుల్ గుడ్డ చుట్టుకుని, అంకమ్మ. ఒక చేత్తో అతని జుట్టు పట్టుకుని ఉంది, ఇంకో చేత్తో బిస్కెట్టు తింటోంది.

"రమణమ్మా, కళ్ళు తెరువు" అన్నాను.

ఆమె తెరిచింది. లేచి నిలబడింది. బిడ్డ పేరు పెట్టి అరవలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. కరీముల్లా మమ్మల్ని చూపించి పిల్లకు ఏదో చెప్పాడు. అంకమ్మ బిస్కెట్టున్న చేతిని పైకెత్తింది. బాలయ్య అప్పుడు ఏడ్చాడు. గోడ వైపు నుంచి తిరగకుండానే, మేక కొమ్ము పట్టుకుని ఏడ్చాడు.

గుడిసెలోకి అప్పటికే మోకాలి లోతు నీళ్ళు వచ్చాయని, పిల్ల మంచం మీద నిలబడి ఉందని పెంచలయ్య తర్వాత చెప్పాడు. చీకటి పడేలోపు ఆ గుడిసె ఉన్న చోట వాగే మిగిలింది.

ఆ రాత్రి మేమంతా, మేకలతో సహా, గుహలోనే పడుకున్నాం.

తెల్లవారాక

పొద్దునకు వాగు మోకాలికి దిగింది. ఎవరో కబురు చేస్తే మా రేంజరు తాళ్ళు, మనుషుల్ని తీసుకుని వచ్చాడు. తాడు కట్టి మొదట రమణమ్మను దాటించాం. తర్వాత టీచర్లను. ఆఖరున బాలయ్య మేకల్ని తోలుకుంటూ, నేను వాటి వెనక దాటాం.

రేంజరు ఒడ్డున నిలబడి మేకల్ని చూస్తున్నాడు.

"ఇవి ఎక్కడున్నాయి మేడం?"

"పెద్ద గుహలో సార్. నేనే తోలించాను."

ఆయన ముఖంలో కోపం లేదు. రాత్రంతా నిద్రలేని మనిషి ముఖం అది. విమల టీచరు ఆయన ముందుకు వచ్చి, నల్లటి చేతులు నడుము మీద పెట్టుకుని నిలబడింది. "లోపల మేమే ఊడ్చేసినాం సార్. పెంటిక కూడా లేదు. కావాలంటే పోయి చూసుకోండి" అంది.

"పర్లేదులెండి" అన్నాడాయన. ఆ తర్వాత ఆ గేటుకు తాళం వేయలేదు. తాళం ఏమైందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

రమణమ్మ తాడు వదిలిన దగ్గర నుంచి పరిగెత్తుకుంటూ పోయి పిల్లను ఎత్తుకుందని మీరు అనుకుంటారు. పోయింది నిజమే. కానీ పిల్ల దొరకలేదు. కరీముల్లా దాన్ని టూరిస్టుల గుడారంలో పడుకోబెట్టాడు. జ్వరం తగ్గిందేమో, లేచి జిప్పు లోపల నుంచి వేసుకుంది. తీయమంటే తీయదు.

"అంకమ్మా, నేనే అమ్మని. రామ్మా."

"నేను రాను. నువ్వే రా లోపలికి. ఈడ బాగుండాది."

"మనది కాదురా అది. సారు తిడతాడు."

రేంజరు ఆ గుడారం ముందు ఒక నిమిషం నిలబడ్డాడు. గుడిసె కొట్టుకుపోయిన సంగతి పెంచలయ్య ఆయనకు రాగానే చెప్పాడు. నా వైపు తిరిగి, "వాళ్ళకు వేరే గుడిసె లేచేదాకా దీన్లోనే ఉండనివ్వండి మేడం. వాళ్ళూ మన గెస్టులే" అన్నాడు. ఆ మాట చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా జీపు వైపు పోయాడు. నాకు ఆయన మీద ఉన్న పాత కోపమంతా ఆ నడక చూస్తుండగానే పోయింది.

టీచర్లు వెళ్ళిపోయారు. మధ్యాహ్నం అన్నం తినమని పిలవడానికి నేను గుడారం దగ్గరికి పోయాను. చప్పుడు లేదు. ముగ్గురూ నిద్రపోతున్నారు. గుడారం మాసిపోతుందని భయపడి మొగుడూ పెళ్ళాం నడుము దాకా మాత్రమే లోపల పడుకుని, బురద కాళ్ళు బయట ఎండలో పెట్టుకున్నారు. వాటి పక్కనే ఒక మేక పడుకుని నెమరు వేస్తోంది. నేను లేపలేదు. కరీముల్లాను పిలిచి, అన్నం మూత పెట్టి ఉంచమన్నాను.